కొండచిలువ బాబు నిరాహారదీక్ష

ప్రతి ఇంట్లోనూ ఒక కొండచిలువ ఉండి తీరాలి. నేనేమీ తమాషాకి అనడం లేదు. అది ఏ అడవిలోనో పట్టుకొచ్చింది కాకూడదు. ఫోన్‌లో బొమ్మ చూసి, సముద్రం అవతలి ఊరి నుంచి తెప్పించుకున్నదై ఉండాలి. సోఫా లేకపోయినా సంసారం నడుస్తుంది, మోటార్‌సైకిల్ లేకపోయినా నడుస్తుంది. కొండచిలువ లేకుండా ఇన్నాళ్లూ మనం ఎలా నెట్టుకొచ్చామో నాకిప్పటికీ అంతుపట్టదు.

లాభాలు చూడండి. చేబదులు అడగడానికి వచ్చినవాడు గుమ్మం దాటి లోపలికి రాడు. ఇన్సూరెన్స్ ఏజెంటు పాలసీ గుణగణాలన్నీ వాకిట్లోనే ముగిస్తాడు. నెలరోజులు ఉండిపోదామని సూట్‌కేసుతో దిగిన పెత్తల్లి కొడుక్కి హఠాత్తుగా ఊళ్లో పని గుర్తొస్తుంది. కుక్క అయితే మొరుగుతుంది, పిల్లి అయితే వంటింట్లో చేప ఎత్తుకుపోతుంది, చిలక అయితే ఇంటి గుట్టు పదిమందికీ చెబుతుంది. కొండచిలువ వారానికోసారి తిని ఓ మూల పడుకుంటుంది. ఇంత మర్యాదస్థులు మన చుట్టాల్లో ఎంతమంది ఉన్నారు?

ఇక ఆన్‌లైన్‌లో కొనడమంటారా, దాని సుఖమే వేరు! మనం అల్లుణ్ణి తెచ్చుకునేటప్పుడు ఏం చూస్తాం? ఒక ఫోటో, మధ్యవర్తి చెప్పిన నాలుగు అబద్ధాలు. అదే కొండచిలువ పిల్లకైతే తల్లి ఫోటో, తండ్రి ఫోటో, గుడ్డులోంచి తల బయటపెట్టినప్పటి ఫోటో పంపుతారు. ఎన్నిసార్లు తిన్నాడో, ఎప్పుడు కుబుసం విడిచాడో రాసి ఇస్తారు. దారిలో ప్రాణానికేమైనా అయితే ఇంకొకణ్ణి ఉచితంగా పంపుతారు. ఏ అల్లుడికి ఉందండీ ఈ గ్యారంటీ?

నా మాట మీద నమ్మకం లేకపోతే మా సోలో పట్నంలో, మా సందులో, మా ఎదురింటి పాక్ సుతర్వో, అంటే సుతర్వో గారి, కథ వినండి.

పాక్ సుతర్వో బ్లాంకోన్‌లు కుడతాడు. బాతిక్ గుడ్డని సన్నగా మడతలు వేసి కుట్టే మా జావా తలపాగా ఆయన చేతిలో పడితే అచ్చం తల కోసమే పుట్టినట్టు కూర్చుంటుంది. కానీ "మీ తల కాస్త పెద్దదండీ" అని ఆయన జన్మలో ఎవరితోనూ అనలేదు. తలపాగా పట్టకపోతే "ఈసారి గుడ్డ కుదించుకుపోయిందండీ, తప్పు నాదే" అని మళ్లీ కుట్టి ఇస్తాడు. ఆయనొక్కడే కాదు, మా ఊరంతా అంతే. మొహమాటానికి మా సోలో పెట్టింది పేరు. ఎదుటివాడి మొహం మీద "లేదు", "వద్దు" అనడానికి మాకు నోరు రాదు.

ఓ మధ్యాహ్నం గుడ్డకి గంజి ఆరే లోపల ఫోన్ చూసుకుంటున్న సుతర్వోకి ఆ బొమ్మ కనపడింది. తెల్ల తువాలు మీద బంగారు మచ్చల చిన్న కొండచిలువ పిల్ల. ఆఫ్రికా జాతి, భయపడితే బంతిలా చుట్టుకుపోతుంది, పెద్దయినా మనిషి చెయ్యి కంటే రెండింతలు పొడవు ఉంటే ఎక్కువ. ఆయన ఊరుకోకుండా బొమ్మ కింద "చాలా ముద్దుగా ఉన్నాడండీ" అని రాశాడు.

ఆ పిల్లని పెంచిన ఆవిడ సముద్రం అవతల మెడాన్‌లో ఉంటుంది. పేరు బూ తియుర్మా, అంటే తియుర్మా గారు. ఉన్నమాట మొహం మీదే అనేసే బతాక్ జాతి మనిషి. ఆవిడకి టైపు చెయ్యడమంటే చిరాకు, గొంతు రికార్డు చేసి పంపుతుంది. ఆ గొంతు వినాలంటే ఫోన్ చెవికి మూరెడు దూరంలో పట్టుకోవాలి.

"హోరాస్, పాక్. ముద్దుగా ఉన్నాడన్నావు కదా. తీసుకుంటావా?"

"మీ పెంపకం చాలా బాగుందండీ" అని రాశాడు సుతర్వో. మా ఊళ్లో దీని అర్థం నాకు వద్దండీ అని. మెడాన్‌లో దీని అర్థం పెట్టె కట్టండి అని.

ఆవిడ ఊరికే అమ్మే మనిషి కాదు. ఇంట్లో వెచ్చగా ఉంటుందా, పిల్లులున్నాయా, ఎలుక పిల్లల్ని ఎక్కడ కొంటావు, అన్నీ అడిగింది. ఆఖరున, "మీ ఆవిడ ఒప్పుకుందా? ఆవిడ మాట వినందే నేను పంపను" అంది. ఇంత శ్రమ పడ్డాక వద్దంటే ఆవిడ మనసు నొచ్చుకోదూ? సుతర్వో వంటింటి వైపు తిరిగి, మా ఊళ్లో భార్యని పిలిచినట్టు పిలిచాడు.

"బూనె, పాము పిల్ల ఒకటి భలే ముద్దుగా ఉంది. చూస్తావా?"

సోయా గింజల టెంపే ముక్కలు వేయిస్తున్న ఆయన భార్య లాస్మిని తల తిప్పకుండా, "మీ ఇష్టం" అంది.

ఈ రెండు మాటలకి అర్థమేమిటో పెళ్లయిన ప్రతి మగాడికీ తెలుసు. సుతర్వోకీ తెలుసు. అయినా ఆ రెండు మాటల్నీ ఉన్నవి ఉన్నట్టు మెడాన్‌కి చేరవేశాడు. మెడాన్ సంతోషించింది.

వారం తిరక్కుండానే విమానంలో పెట్టె వచ్చింది. పెట్టె విప్పేటప్పుడు మొదటినుంచి చివరిదాకా ఆపకుండా వీడియో తియ్యాలి, లేకపోతే గ్యారంటీ వర్తించదు. మా దగ్గర చెప్పుల జత తెప్పించుకున్నా ఇదే పద్ధతి. అందుకని సందంతా పోగయింది. టార్చిలైటు నేనే పట్టుకున్నాను. పెట్టెలో గుడ్డసంచి, సంచి ముడి విప్పితే జామకాయంత బంతి. సుతర్వో దాన్ని అరచేతిలో పెట్టుకుని ఊపిరి బిగబట్టాడు. కాసేపటికి ఆ బంతిలోంచి చిన్న తల బయటికొచ్చి, నాలుక చాపి ఆయన బొటనవేలిని తాకింది. తర్వాత మెల్లగా చుట్టు వదులై ఆయన మణికట్టు మీదికి పాకింది.

అంతే, ఆయన కరిగిపోయాడు. "ఎక్కణ్ణుంచో వచ్చి, నేనెవరో తెలీకుండానే నన్ను నమ్మిందండీ" అన్నాడు నాతో. కళ్లు తడిగా ఉన్నాయి. అప్పటిదాకా మొహమాటం కొద్దీ తెప్పించుకున్న పాము ఆ క్షణం నుంచి ఆయన ప్రాణమైపోయింది.

"అబ్బ, ఎంత చిన్నవాడో" అంది లాస్మిని అందరి ముందూ నవ్వుతూ. ఆ సాయంత్రం ఆయన టీలో పంచదార పడలేదు. మా వైపు ఆడవాళ్లు గొంతు పెంచరు, గిన్నెలు విసరరు. టీ చప్పగా ఉందంటే ఇంట్లో తుఫాను చెలరేగిందన్నమాట. మగాడు దాన్ని ఆఖరి చుక్క దాకా తాగి, "బాగుంది" అనాలి.

పాముకి సాత్రియా బువానా అని పేరు పెట్టాడు. భువనమంతటికీ వీరుడని. ఆ వీరుడి కోసం ఫ్రిజ్‌లో ఐస్‌క్రీమ్ డబ్బాలో ఎలుక పిల్లలు చేరాయి. మొదటిదాన్ని వేణ్నీళ్లలో కరిగించి, తుడిచి, పట్టకారుతో ముక్కు ముందు పెట్టాడు. వీరుడు దాన్ని చూశాడు, సుతర్వోని చూశాడు, మొహం అటు తిప్పుకున్నాడు.

రాత్రి కాకముందే మెడాన్ గొంతు వచ్చేసింది. "పాక్, తిన్నాడా?"

లేదని ఎలా చెబుతాడు? అంత దూరాన కన్నతల్లిలాంటి మనిషి అడుగుతోంది. "చాలా హుషారుగా ఉన్నాడండీ" అని రాశాడు.

"సంతోషం. వచ్చేవారం రెండోది పెట్టు."

వచ్చేవారం వచ్చింది. "రెండోది తిన్నాడా?"

"అంతా మీ దయ అండీ."

ఇటు సందులో జనం రాకపోకలు మొదలయ్యాయి. మా దగ్గర పసిబిడ్డ పుడితే ఇంటింటి నుంచీ చూడటానికి వెళ్లాలి, వట్టి చేతులతో వెళ్లకూడదు. సుతర్వో తన ఫోన్‌లో "మా ఇంటికి చిన్న సభ్యుడొచ్చాడు, దీవించండి" అని పెట్టుకున్నాడు కాబట్టి ఎవరూ ఆగలేదు. పంచదార పొట్లాలు తెచ్చారు, పసిపిల్లల సబ్బు తెచ్చారు, ఒకావిడ ఒంటికి రాసే నూనె తెచ్చింది. వచ్చిన ప్రతివాళ్లూ మూత తీసి చూడాలి, ఫోటో దిగాలి, తల నిమరాలి. మేమంతా అంత మర్యాద తెలిసినవాళ్లం. ఇంటినిండా పంచదార, ఆయన టీలో తప్ప.

వాడు తినడం లేదన్న సంగతి ఇంట్లో వాళ్లకి మాత్రం తెలుసు. లాస్మిని తల్లి, పండు ముసలావిడ, ఓ రోజు పెట్టెలోకి తొంగి చూసి తేల్చేసింది.

"పేరు బరువెక్కువైందిరా నాయనా. ఈ దారప్పోగుకి భువనమంతా మోయమంటే మోస్తుందా? మా తమ్ముడూ చిన్నప్పుడిట్టాగే అన్నం ముట్టలా. పేరు మార్చాం, కుండెడు తిన్నాడు."

కాదనడానికి సుతర్వో ఎవరు? పేరు మార్చేటప్పటి మా ఆచారం ప్రకారం ఎర్ర పాయసం, తెల్ల పాయసం వండించి, ఆకుల్లో పెట్టి సందంతా పంచి, పాముకి బెజో అని మామూలు పేరు పెట్టాడు. అదృష్టవంతుడు అని దానర్థం. పాయసం అందరం తిన్నాం. అదృష్టవంతుడొక్కడే తినలేదు.

ఇప్పుడు మెడాన్‌లో ఏం జరిగిందో చూడండి. తన దగ్గర కొన్నవాళ్లందరితో బూ తియుర్మా ఫోన్‌లో ఒక గ్రూపు నడుపుతుంది. అందులో ఆవిడ గొంతు ఖంగుమంది. "సోలో పాక్ సుతర్వోని చూసి నేర్చుకోండి. ఒక్క ఫిర్యాదు లేదు. పిల్లాడు వారం వారం తింటున్నాడు. మీ పాములు మొరాయిస్తే ఆయన్ని అడగండి."

అడిగారు! కుదుస్ నుంచి, తెగాల్ నుంచి, మాదియున్ నుంచి ఒకటే ప్రశ్నలు. మా వాడు ముట్టడం లేదు పాక్, ఏం చెయ్యమంటారు? నాకూ తెలియదండీ అంటే వాళ్లు చిన్నబుచ్చుకోరూ? అందుకని సుతర్వో ఆలోచించి ఆలోచించి, "సాయంత్రం పూట రేడియోలో మన గమెలాన్ సంగీతం సన్నగా పెట్టి చూడండీ" అన్నాడు ఒకరితో. ఇంకొకరితో పెట్టె ఉత్తరానికి తిప్పమన్నాడు. వేరొకరితో ఎలుక పిల్లని పెట్టేటప్పుడు తలపాగా తీసెయ్యమన్నాడు.

మర్నాటికల్లా జవాబులు. గమెలాన్ అద్భుతంగా పనిచేసింది పాక్. ఉత్తరం తిప్పగానే ఒక్క గుటకలో మింగేశాడు పాక్. మీ చెయ్యి మంచిది పాక్.

కుదుస్‌లో గమెలాన్ పనిచేసిందని చదివి సుతర్వో తన ఇంట్లోనూ పెట్టాడు. బెజో తల దాచుకున్నాడు. ఉత్తరం వైపు తిప్పాడు. బెజో తిరిగి దక్షిణం వైపు పడుకున్నాడు. అందరి పాములూ తన మాట మీద తింటున్నాయి, తన పాము ఒక్కటే తినడం లేదు. లోకంలో ఇంతటి నిపుణుడికి ఇంతటి శిక్ష పడి ఉండదు.

నెల దాటింది. ఓ ఉదయం బెజోని చేతిలోకి తీసుకుంటే వెన్నెముక వేలికి గట్టిగా తగిలింది. చర్మం పక్కలకి ముడతలు పడి, ఆయన కుట్టే గుడ్డ మడతల్లా ఉంది. జామకాయంత బంతి ఇప్పుడు నిమ్మకాయంత అయింది. సుతర్వో సూది పక్కన పెట్టేశాడు. వీడు చచ్చిపోతాడు, నా మొహమాటమే వీణ్ణి చంపేస్తుంది అనుకున్నాడు. 

లాస్మిని టీ తెచ్చి పెట్టింది. ఒక గుక్క తాగి ఆయన తలెత్తి చూశాడు. టీ తియ్యగా ఉంది.

"ఆవిడకి చెప్పండి" అంది లాస్మిని.

"ఏమని చెప్పనే?"

"తినలేదని చెప్పండి. నాలుగు అక్షరాల మాటకి నెల పట్టిందా?"

"నువ్వు మటుకు వద్దని చెప్పావా? మీ ఇష్టం అన్నావు."

"అన్నాను. తప్పే. ఇప్పుడు చెబుతున్నాగా. వీడు పోతే మీరు తట్టుకోలేరు. ఫోన్ చెయ్యండి." ఆవిడే నంబరు నొక్కి చేతికిచ్చింది.

సుతర్వో మొదలుపెట్టాడు. మెడాన్‌లో వానలెలా ఉన్నాయండీ? ఇంట్లో అందరూ కులాసానా అండీ? దురియాన్ పళ్లు ఈ ఏడు బాగా కాశాయటగదండీ?

"పాక్" అంది ఆవిడ. "చచ్చిపోయాడా?"

"అయ్యో, లేదండీ."

"మరి దురియాన్ సంగతెందుకు? తింటున్నాడా?"

ఆయన లాస్మిని వైపు చూశాడు. కళ్లు మూసుకున్నాడు. "ఇంకా లేదండీ."

"ఎప్పట్నుంచి?"

"మీ పెట్టె విప్పిన దగ్గర్నుంచీ అండీ."

ఆవిడ తిట్టలేదు. ఆ గొంతు ఇంత మెల్లగా పలకడం సుతర్వో ఎప్పుడూ వినలేదు. తిట్టినా బాగుండును అనిపించింది ఆయనకి.

"మీ ఇంటికి ఎవరెవరొస్తారు వాణ్ణి చూడ్డానికి?"

"ఎవరూ ఎక్కువ రారండీ. మా సందు వాళ్లే."

"మూత తీసి చూస్తారా?"

"చూస్తారండీ. ప్రేమ కొద్దీ."

"ఆ ప్రేమే వాడి గొంతు నొక్కేస్తోంది. రోజంతా పదిమంది మొహాలు మీద పడుతుంటే నువ్వు తింటావా? పెట్టెలో వాడు పట్టేంత చీకటి డబ్బా పెట్టు, తడిగుడ్డ పెట్టు, పైన దుప్పటి కప్పు. నీళ్లు మార్చడానికి తప్ప నువ్వు కూడా ముట్టుకోకు. నేను చెప్పేదాకా పిట్ట కూడా చూడకూడదు. వింటున్నావా? సరేనండీ అనకు. చేస్తానను."

"చేస్తానండీ."

ఆవిడ అక్కడితో ఆగలేదు. జావాలో ఉన్న తన కొనుగోలుదార్లందరికీ ఒక్కొక్కరికే ఫోన్ చేసి, నిజం చెప్పకపోతే పాముని వెనక్కి తీసుకుంటానంది. మర్నాడు గ్రూపులో మళ్లీ ఆ గొంతు. "గమెలాన్ విన్నవాడు తినలేదు. ఉత్తరం తిరిగినవాడు తినలేదు. తలపాగా తీసినవాడికి జలుబు చేసింది. మీ జావాలో నోరు తెరవనివి పాములొక్కటే అనుకున్నాను."

సుతర్వో అది రెండుసార్లు విన్నాడు. అంటే తన మనసు నొచ్చుకుంటుందని వాళ్లంతా అబద్ధం చెప్పారు. వాళ్ల మనసు నొచ్చుకుంటుందని తను అబద్ధం చెప్పాడు. మధ్యన ఇన్ని చిన్న ప్రాణాలు పస్తులున్నాయి. సిగ్గుతో ఆయనకి చెవులు ఎర్రబడ్డాయి.

దుప్పటి కప్పడం తేలికే. జనాన్ని ఆపడమెలా? ఆ సాయంత్రమే నేను క్లాతెన్ నుంచి వచ్చిన మా బావమరిదిని వెంటబెట్టుకుని, ఒక పంచదార పొట్లం పట్టుకుని వెళ్లాను. సుతర్వో గుమ్మంలో నిలబడ్డాడు. నవ్వాడు. ఆ నవ్వు ఆరిపోయింది.

"బెజోని చూపిద్దామని తీసుకొచ్చాను పాక్. చాలా దూరం నుంచి వచ్చాడు" అన్నాను.

ఆయన గుమ్మం చెక్కని గట్టిగా పట్టుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"లేదండీ. చూపించను."

మా బావమరిది చేతిలోంచి గొడుగు జారిపోయింది. నేను పంచదార పొట్లం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పక్కింటి కిటికీలు తెరుచుకున్నాయి. మా సందులో ఒక మనిషి ఇంకో మనిషితో, అదీ గుమ్మంలో, అదీ మొహం మీద, లేదని చెప్పాడు!

మర్నాటికల్లా సుతర్వోకి ఒంట్లో బాగాలేదని సందంతా తేల్చేసింది. మేమంతా పళ్లూ, గంజీ పట్టుకుని ఈసారి ఆయన్ని చూడటానికి వెళ్లాం. ఆయన వాకిట్లో చాప పరిచి కూర్చోబెట్టి, "మెల్లగా మాట్లాడండీ" అన్నాడు. లోపల దుప్పటి కింద చీకట్లో బెజోకి మా సందుకొచ్చాక మొదటిసారి ప్రశాంతత దొరికింది.

కొన్నాళ్లకి మెడాన్ అనుమతిచ్చింది. సుతర్వో దుప్పటి అంచు ఎత్తి, వెచ్చటి ఎలుక పిల్లని డబ్బా ముందు పెట్టి, గుడ్డ దించేసి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. చూడాలని ప్రాణం కొట్టుకుంటున్నా చూడలేదు. లాస్మిని ఆయన పక్కన కూర్చుంది. చాలాసేపటి తర్వాత చిన్న చప్పుడైంది. వెళ్లి చూస్తే డబ్బా ముందు ఏమీ లేదు. బెజో ఒంటి మధ్యలో బుల్లి ఉబ్బు. సుతర్వో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, నేనేం దాచడం లేదు.

వెంటనే మెడాన్‌కి రాశాడు. తిన్నాడండీ.

"వీడియో పంపు" అంది బూ తియుర్మా.

పాపం, అసలు నిజం చెప్పిన రోజునే ఆయన్ని ఎవరూ నమ్మలేదు. సందులోనూ అంతే. "అలాగా, సంతోషం" అని నవ్వి ఊరుకున్నాం. మొదటినుంచీ తింటూనే ఉన్నాడని ఆయనే చెప్పాడు కదా మాకు!

కాబట్టి పాఠకులారా, మరోసారి మనవి చేసుకుంటున్నాను. ప్రతి ఇంట్లోనూ కొండచిలువ ఉండాలి. మాలాంటి ఊళ్లకయితే మరీను. ఇక్కడే పుట్టి పెరిగిన ఇంతమందిమి ఉన్నాం, పెట్టింది నచ్చకపోతే నచ్చలేదని మొహం తిప్పుకోగలిగినవాణ్ణి మెడాన్ నుంచి విమానంలో దింపుకోవలసి వచ్చింది. వాణ్ణి చూసి సుతర్వో ఒక్క మాట నేర్చుకున్నాడు. మిగతా మేమింకా నేర్చుకుంటున్నాం.

ఇంత శ్రమపడి ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానంటారా? బెజో రెండోసారి తిన్న ఆనందంలో పాక్ సుతర్వో మా ఇంటికొచ్చి, నా చేతులు పట్టుకుని, "మీకూ ఒకణ్ణి తెప్పించమంటారా? వీడి తమ్ముడు ఒకడున్నాడట" అన్నాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. నేను మా ఆవిడ వైపు చూశాను. మా ఆవిడ "మీ ఇష్టం" అంది.

ఇప్పుడు నా బల్ల మీద దుప్పటి కప్పిన పెట్టె ఉంది. పాక్ సుతర్వో ఈ పత్రిక తప్పకుండా చదువుతాడు. దారిలో మీకెవరికైనా కనబడితే, నేను చాలా ఆనందంగా ఉన్నానని, పిల్లాడు వారం వారం తింటున్నాడని చెప్పండి. మా ఇంట్లో అంతా బాగుంది. టీలో పంచదార మానేశాం, ఒంటికి మంచిదట.